కాంట్రా పైసలు ఎవలికి పోతయి?

ఈ దసరాకు మేడిపల్లి పోయినప్పుడు మా అవ్వ నన్ను సజ్జ మీదికి ఎక్కించింది. బతుకమ్మకు ముందు ఇల్లు దులపడం మా ఇంట్లో ఏటా ఉండేదే. ఇత్తడి బిందెలు దింపిన, ట్రంకు పెట్టె దింపిన, దాని వెనకాల ఒక అట్టపెట్టె దొరికింది. తెరిస్తే మా టీవీ గేమ్. రెండు రిమోట్లు, తెగిన అడాప్టర్, ఒక పసుపు రంగు క్యాసెట్. క్యాసెట్ మీద "9999999 ఇన్ 1" అని స్టిక్కర్. మీలో చాలామంది ఇళ్లల్లో కూడా ఇదే ఉండి ఉంటుంది. లోపల ఉన్నవి నిజానికి కొన్ని పదుల ఆటలే, అవే మళ్లీ మళ్లీ వేరే నంబర్లతో వస్తాయి. మేం ఆడింది మాత్రం కాంట్రా, మారియో, ట్యాంకుల ఆట. అంతే.

అది మా పెద్దబాపు దుబాయ్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు అన్న కోసం తెచ్చింది. అన్న పెద్దగయినంక నాకు వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఎవరింట్లో చూసినా ఆ కాలం నాటి టేప్‌రికార్డర్, దుప్పటి, టీవీ గేమ్ గల్ఫ్ నుంచి వచ్చినవే ఎక్కువ.

అడాప్టర్ తెగింది కాబట్టి ఆడలేం. కానీ నా ల్యాప్‌టాప్‌లో కాంట్రా ఉంది, డబ్బులు పెట్టి కొన్నది. స్టీమ్‌లో సేల్ నడుస్తుంటే ఒక బిర్యానీ ఖర్చుతో కొన్న. చూపిస్తే అన్న మస్తు ఖుషీ అయిండు. బాపు పక్కన కూచొని చూస్తూ ఒకటే మాట అడిగిండు.

"గిదే ఆట గప్పుడు పెట్టెల ఉండె గదరా. మళ్ల కొన్నవా? గా పైసలు ఎవలికి పోతయి?"

"కంపెనీకి" అన్న. "ఏ కంపెనీకి? చేసినోళ్లకేనా?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న, ఆ ఆట ఎట్ల నడుస్తదో చెప్పగలను, పైసలు ఎట్ల నడుస్తయో చెప్పలేకపోయిన. హాస్టల్‌కు వచ్చినంక కూచొని చదివితే తెలిసినవి ఇవి. (ఇంగ్లీష్ మీడియం కదా, తెలుగులో తప్పులుంటే క్లబ్ ఎడిటర్లు దిద్దుతారని ధైర్యం.)

ముందు ఆ పసుపు క్యాసెట్ సంగతి. అది నింటెండో వాళ్ల ఫామికామ్ అనే మెషీన్‌కు కాపీ. దానికి పెద్దబాపు దుబాయ్‌లో ఇచ్చిన పైసలు కాపీ కొట్టిన ఫ్యాక్టరీకి, దుకాణం వాడికి పోయినయి. కాంట్రా చేసిన కోనామీకి ఒక్క పైసా పోలేదు. చిన్నప్పుడు చేతిలో పట్టుకుని ఆడిన బ్రిక్ గేమ్ కూడా అంతే. ఇక్కడ బాపు ప్రశ్నకు జవాబు సులువు.

ఇప్పటి కాంట్రా వేరు. 2019 జూన్‌లో కోనామీ "కాంట్రా యానివర్సరీ కలెక్షన్" అని పాత ఆటలు కొన్ని కలిపి డిజిటల్‌గా మళ్లీ వదిలింది. లెక్క అర్థం కావడానికి నేను 118 రూపాయలు కట్టాననుకుందాం. అందులో 18 జీఎస్టీ. మిగిలిన 100లో స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ 30 ఉంచుకుంటుంది, 70 కోనామీకి ఇస్తుంది. ఈ 30 శాతం అందరికీ ఒకటే కాదు. 2018 నుంచి ఒక ఆట కోటి డాలర్ల అమ్మకం దాటితే ఆ పైన స్టీమ్ వాటా 25 శాతం, 5 కోట్ల డాలర్లు దాటితే 20 శాతం. అంటే బాగా అమ్ముడుపోయే పెద్దవాళ్ల దగ్గర తక్కువ, చిన్నవాళ్ల దగ్గర ఎక్కువ. మన దగ్గర మార్కెట్ యార్డులో కమీషన్ కూడా ఇట్లనే ఉంటే రైతులు ఊరుకుంటారా అనిపించింది.

సరే, 70 కోనామీకి. దానికోసం కోనామీ చేసిన పని ఎంత? ఇక్కడ కొంచెం టెక్నికల్ విషయం చెప్పాలి. కాంట్రా ఆట మొత్తం 128 కిలోబైట్లు. మీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో దానికంటే చాలా పెద్దది. ఆ ఆట నడిచిన మెషీన్‌లో పని చేసే మెమరీ 2 కిలోబైట్లే. ఇప్పటి రీరిలీజ్‌లో చాలాసార్లు ఆ పాత 128 కిలోబైట్ల ఫైలునే యథాతథంగా పెట్టి, చుట్టూ ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్ కడతారు. పాత ప్రాసెసర్ ఎట్ల లెక్కలు చేసేదో, బొమ్మ ఎట్ల గీసేదో అచ్చంగా నటించే ప్రోగ్రామ్ అది. ఆటకు తను ఇంకా 1988లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. కోనామీ కలెక్షన్‌లో ఈ పని చేసింది ఎం2 అనే జపాన్ కంపెనీ. పాత ఆటలను కొత్త మెషీన్ల మీదికి తేవడంలో వాళ్లకు మంచి పేరు. చిన్న పని అని అనను, ఒక్క శబ్దం సరిగ్గా రావడానికి రోజులు పట్టొచ్చు. కానీ కొత్త ఆట చేయడంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, అందుకే కంపెనీలకు పాత ఆటలంటే అంత ఇష్టం.

మరి ఆ 128 కిలోబైట్లు రాసినోళ్లు? వాళ్లు కోనామీలో జీతగాళ్లు. నెల జీతం తీసుకున్నారు, ఆట కంపెనీది అయింది. ఆట గెలిచాక వచ్చే పేర్లలో డైరెక్టర్ పేరు "ఉమెచాన్" అని ఉంటుంది. అది ముద్దుపేరు. 80లలో జపాన్ కంపెనీలు తమ ప్రోగ్రామర్ల అసలు పేర్లు వేయడానికి ఇష్టపడేవి కాదు, పోటీ కంపెనీ వాళ్లు ఎగరేసుకుపోతారని భయం. పైసలే కాదు, పేరు కూడా సగమే.

కాంట్రాలో 30 ప్రాణాలు వచ్చే కోడ్ గుర్తుందా? పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బీ, ఏ. ఆ కోడ్ మొదట వచ్చింది కాంట్రాలో కాదు, 1986లో గ్రాడియస్ ఆటలో. దాన్ని పెట్టింది కజుహిసా హషిమొటో. ఆట తనకే మరీ కష్టంగా ఉండి, టెస్ట్ చేసుకోవడానికి పెట్టుకున్నాడు. ప్రపంచమంతా తెలిసిన కోడ్ అది, పేరు మాత్రం "కోనామీ కోడ్". హషిమొటో 2020 ఫిబ్రవరిలో చనిపోయాడు.

ఇదంతా మా రూమ్మేట్‌కు చెబితే వాడు నవ్విండు. వాడిది సిరిసిల్ల, వాళ్ల నాన్న సాంచాల మీద పని చేస్తడు. "మీటరుకింత అని కూలి ఇస్తరు. బట్ట ఎంతకు అమ్ముడుపోయినా మా నాయినకు సంబంధం లేదు. గిదాంట్ల కొత్తేముంది?" అన్నడు. కొత్తేం లేదు, నిజమే. కానీ ఒక తేడా ఉంది. బట్ట ఒక్కసారే అమ్ముడుపోతుంది. కోడ్ ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ అమ్ముడుపోతుంది, అప్పుడు మళ్లీ నేయాల్సిన పని లేదు.

అట్లయితే చేసినవాళ్లకు ఎప్పుడూ రాదా అంటే, వచ్చినవాళ్లూ ఉన్నారు. జోర్డాన్ మెక్నర్ అనే అమెరికన్ కుర్రాడు యాపిల్ 2 కంప్యూటర్ మీద ఒక్కడే కూచొని ప్రిన్స్ ఆఫ్ పర్షియా రాశాడు. 1989లో బ్రోడర్‌బండ్ కంపెనీ దాన్ని అమ్మింది. కానీ అతను వాళ్ల ఉద్యోగి కాదు, పుస్తకం రాసిన రచయిత లాగ ఒప్పందం చేసుకున్నాడు, హక్కు తన దగ్గరే ఉంచుకున్నాడు. అందుకే 2003లో యుబిసాఫ్ట్ కొత్త ఆట తీసినా, 2010లో డిస్నీ సినిమా తీసినా అతని దగ్గరికి రావాల్సి వచ్చింది. 2012లో వాళ్ల నాన్న ఇల్లు సర్దుతూ అల్మారా వెనక దొరికిన పాత సామాన్లు ఒక పెట్టెలో పెట్టి పంపాడు. అందులో పోయిందనుకున్న సోర్స్ కోడ్ ఫ్లాపీలు ఉన్నాయి. మెక్నర్ ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో అందరికీ పెట్టేశాడు. ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. సజ్జ మీద నాకు దొరికింది తెగిన అడాప్టర్, అది వేరే సంగతి.

టెట్రిస్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. 1984లో మాస్కోలో సర్కారు కంప్యూటర్ సెంటర్‌లో పని చేస్తూ అలెక్సీ పజిత్నొవ్ రాశాడు. హక్కులు సోవియట్ సర్కారుకు పోయినయి. ప్రపంచమంతా ఆడుతున్న కాలంలో అతనికి రాయల్టీ రాలేదు. 1996లో హెంక్ రోజర్స్‌తో కలిసి టెట్రిస్ కంపెనీ పెట్టుకున్నాకనే రావడం మొదలైంది.

ఇక వైస్ సిటీ. దీని గురించి రాయకపోతే నన్ను క్లాసులో ఎవరూ క్షమించరు. కోరుట్లలో నెట్ సెంటర్‌కు గంటకింత అని కట్టి ఆడిన తరం మా అన్న వాళ్లది. 2002లో వచ్చిన ఆట. 2021 నవంబర్‌లో రాక్‌స్టార్ దాన్ని మెరుగులు దిద్ది, మరో రెండు పాత ఆటలతో కలిపి "డెఫినిటివ్ ఎడిషన్" అని వదిలింది. ఆ పని చేసింది గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ అనే వేరే కంపెనీ. కొత్తది రాకముందే పాత వెర్షన్లను ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేశారు. కొత్తది బగ్గులతో వచ్చి జనం తిట్టాక, పాతవి మళ్లీ పెడతామన్నారు. దానికి ముందే కొందరు అభిమానులు ఆట కోడ్‌ను తిరగేసి అర్థం చేసుకుని, కొత్త కంప్యూటర్ల మీద చక్కగా నడిచేలా రాసి ఊరికే ఇచ్చారు. రాక్‌స్టార్ యజమాని టేక్-టూ వాళ్ల మీద 2021 సెప్టెంబర్‌లో కేసు వేసింది.

వైస్ సిటీలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది పాటలు. కారెక్కగానే రేడియోలో మైకేల్ జాక్సన్ "బిల్లీ జీన్" వచ్చేది కదా. డెఫినిటివ్ ఎడిషన్‌లో ఆ పాట లేదు. ఎందుకంటే పాటల హక్కులు ఆటలోకి శాశ్వతంగా రావు. కొంత కాలానికి, కొన్ని వాడకాలకు అని రాసుకుంటారు. కాలం తీరితే మళ్లీ కట్టాలి, లేదా తీసేయాలి. అంటే అదే ఆటలో పాట యజమానులు మళ్లీ అడిగే హక్కు ఉంచుకున్నారు, కోడ్ రాసినవాళ్లు ఉంచుకోలేదు. గొంతు ఇచ్చినవాళ్లు కూడా ఉంచుకోలేదు. 2008లో వచ్చిన నాలుగో భాగంలో హీరోకు గొంతు, కదలికలు ఇచ్చిన మైకేల్ హొలిక్‌కు పదిహేను నెలల పనికి దాదాపు లక్ష డాలర్లు వచ్చినయి. అమ్మకం కోట్ల డాలర్లు దాటినా అందులో వాటా లేదు. అదే టీవీ సీరియల్ అయితే మళ్లీ వేసినప్పుడల్లా వచ్చేవి.

ఇదంతా ఎక్కడో జపాన్, అమెరికా గొడవ అనుకుంటే, మన సినిమాల రీరిలీజులు చూడండి. 2022 ఆగస్టు 9న పోకిరి 4కేలో వచ్చినప్పటి నుంచి పుట్టినరోజు వస్తే చాలు ఒక పాత సినిమా. కథ అదే: పని ఎప్పుడో అయిపోయింది, పాత నెగెటివ్‌ను శుభ్రం చేసే ఖర్చే కొత్తది, టికెట్ పైసలు కాగితం ఎవరి దగ్గరుంటే వాళ్లవి. 2010లో ఆరెంజ్ నిర్మాత నాగబాబుకు పెద్ద నష్టం తెచ్చింది. అదే సినిమా 2023 మార్చిలో మళ్లీ వేస్తే హాళ్లు నిండినయి.

దానికంటే ముందే మన దగ్గర ఒక పెద్ద డిజిటల్ రీరిలీజ్ జరిగింది. మాయాబజార్. 1957 నాటి విజయా వారి నలుపు తెలుపు సినిమాకు హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది, శబ్దం బాగుచేసి 2010 జనవరి 30న విడుదల చేసింది. అప్పటికి దర్శకుడు కె.వి.రెడ్డి లేడు, పింగళి లేడు, ఘంటసాల లేడు, ఎస్వీఆర్ లేడు, సావిత్రి లేదు, ఎన్టీఆర్ లేడు. అందులో నటించిన పెద్దవాళ్లలో అక్కినేని ఉన్నారు. సినిమా బాగానే ఆడింది. అయినా ఆ కంపెనీ ఇంకో పాత సినిమాకు రంగులద్దలేదు. వాళ్లు చెప్పిన కారణం టెక్నాలజీ కాదు. చాలామంది నిర్మాతలు నెగెటివ్ హక్కులు టీవీ చానళ్లకు అమ్మేసుకున్నారు, ఇప్పుడు ఏది ఎవరిదో తేల్చడమే పెద్ద తలనొప్పి. అంటే కాగితం సరిగ్గా లేకపోతే రాసినవాడికే కాదు, చూసేవాడికి కూడా నష్టం. ఆటల్లో ఇది ఇంకా ఘోరం. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ వచ్చిన ఆటల్లో 87 శాతం ఇవాళ డబ్బులిచ్చి కొందామన్నా దొరకవు. రీరిలీజ్ అనేది అమ్ముడుపోతాయని నమ్మకం ఉన్న కొన్నింటికే. మిగిలినవి బతికి ఉన్నాయంటే కాపీ చేసి దాచినవాళ్ల పుణ్యం. మా పసుపు క్యాసెట్‌ను నేను పూర్తిగా తిట్టలేకపోవడానికి అది ఒక కారణం.

ఇంకో కారణం ఉంది. క్యాసెట్ పెద్దబాపు నుంచి అన్నకు, అన్న నుంచి నాకు వచ్చింది. స్టీమ్‌లో నేను కొన్న కాంట్రాను నా చెల్లెకు ఇవ్వలేను. కొన్నది ఆట కాదు, ఆడుకునే అనుమతి మాత్రమే. 2024 అక్టోబర్ నుంచి స్టీమ్ ఈ సంగతి పైసలు కట్టే పేజీలోనే రాస్తోంది. కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది కాబట్టి రాస్తోంది.

ఇప్పుడు మన లిటరరీ క్లబ్ వాళ్లకు నచ్చే విషయం. భారత కాపీరైట్ చట్టం కూడా మాయాబజార్ వచ్చిన 1957లోనే వచ్చింది. అందులో "సాహిత్య రచన" అనే మాటకు ఇచ్చిన అర్థంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా ఉంది. 1984 సవరణలో చేర్చారు. అంటే ల్యాబ్‌లో మీరు రాసే సీ ప్రోగ్రామ్ చట్టం దృష్టిలో కవిత పక్కన కూచుంటుంది. నిజంగా. ఎర్రర్లు వచ్చినా సాహిత్యమే.

కానీ ఉద్యోగంలో ఉండి రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. కోనామీ కథే. 2012లో చట్టాన్ని మళ్లీ సవరించినప్పుడు, జావేద్ అఖ్తర్ లాంటి వాళ్లు పోరాడితే, సినిమా పాటల రచయితలకు, సంగీత దర్శకులకు ఒక రక్షణ వచ్చింది. వాళ్లు హక్కు అమ్మేసినా రాయల్టీలో సగం వాటాను వదులుకోలేరు, వదులుకుంటున్నానని సంతకం పెట్టినా చెల్లదు. సినిమాతో పాటు హాల్లో వేసినప్పుడు మాత్రం ఇది వర్తించదు, కాబట్టి రీరిలీజ్ టికెట్‌లో వాళ్లకు దీనివల్ల వచ్చేదేం లేదు. టీవీలో, ఫోన్‌లో వస్తే ఉంటుంది. ప్రోగ్రామర్‌కు అది కూడా లేదు. ఇద్దరూ సాహిత్యకారులే, ఒకరికే రాయల్టీ.

ప్రోగ్రామర్‌కు కూడా పనికొచ్చేవి మూడు ఉన్నాయి. హక్కులు రాసిచ్చే కాగితంలో ఎంతకాలమో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా తీసుకుంటుంది. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. ఇంకా ముఖ్యమైనది, సంతకం పెట్టిన రోజున వాడకంలో లేని కొత్త మాధ్యమానికి ఆ కాగితం వర్తించదు, దాన్ని పేరు పెట్టి రాసి ఉంటే తప్ప. రీరిలీజ్ అంటేనే కొత్త మాధ్యమం కదా.

ఇదంతా నేను ఇంత పట్టుబట్టి ఎందుకు చదివిన్నంటే, బాపు ప్రశ్న ఒక్కటే కారణం కాదు. పోయిన సెమిస్టర్‌లో మేం ముగ్గురం, నేను, సిరిసిల్ల రూమ్మేట్, మా క్లాసులోనే కోరుట్ల అమ్మాయి, కలిసి ఫోన్‌లో పులి–మేక ఆట చేసినం. అరుగుల మీద సుద్దతో గీసి, గులకరాళ్లతో ఆడే ఆటే. ఆ ఆట ఎవరిదీ కాదు, ఏ కాగితం మీదా లేదు. కానీ మేం రాసిన కోడ్, ఆమె గీసిన బొమ్మలు మావి. ఒక చిన్న కంపెనీ వాళ్లు చూసి తలా పదిహేను వేలు ఇస్తామన్నారు. కాగితం పంపారు. అందులో "శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే అన్ని మాధ్యమాల్లో" అని ఉంది. దసరాకు ముందు అయితే నేను అది చదవకుండానే సంతకం పెట్టేవాణ్ణి. పదిహేను వేలు కదా.

మేం మూడు మార్పులు అడిగినం. 5 ఏళ్లు, ఫోన్ వరకే, ఆటలో మా ముగ్గురి పేర్లు. పేర్లు వేయడానికి ఒప్పుకున్నారు. మిగిలిన రెండూ కంపెనీ పద్ధతి, మార్చలేం అన్నారు. సోమవారం లోపు చెప్పమన్నారు. రూమ్మేట్ పెట్టేద్దామంటున్నడు, వాడికి ఫీజు కట్టేది ఉంది. కోరుట్ల అమ్మాయి వద్దంటోంది. రాత్రి బాపు ఫోన్ చేసి "ఏమైందిరా మీ పులి మేక?" అని అడిగిండు. కాగితం ఇంకా నా టేబుల్ మీదే ఉందని చెప్పిన.